తాళం గట్టిదే, తలుపు మాటేమిటి?

పిల్లలూ, ఒక ఇంటాయన పట్నం పోయి, దుకాణంలో అన్నిటికన్నా గట్టి ఇత్తడి తాళం కొనుక్కొచ్చాడనుకోండి. దాన్ని వీధి తలుపుకు వేసి, నాలుగుసార్లు లాగి చూసి, తాళంచెవిని చూరులో దోపి పెళ్ళికి వెళ్ళాడు. పెరటి తలుపుకు గడియ సరిగా పడదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, గాని ఇంత గొప్ప తాళం ఉండగా భయమేమిటని ఊరుకున్నాడు. మూడోనాడు తిరిగి వచ్చి చూస్తే ఇల్లు ఊడ్చినట్టున్నది. వీధి తలుపు తాళం మాత్రం వేసినది వేసినట్టే ఉన్నది!

ఆ తాళంలో లోపమేమైనా ఉన్నదా? లేదు. మరి లోపం ఎక్కడ ఉన్నది?

ఈ ప్రశ్ననే పట్టుకుని జీవితమంతా ఆలోచిస్తూ వచ్చిన శాస్త్రజ్ఞుడు ఒకాయన అమెరికాలో ఉన్నాడు. ఆయన పేరు బ్రూస్ ష్నయర్. 1963లో న్యూయార్కులో పుట్టాడు. కాలేజీలో భౌతికశాస్త్రం చదివాడు. తరవాత కంప్యూటర్లలో దాచే రహస్యాలకు తాళాలు తయారు చేసే విద్య నేర్చాడు. 1998 నుంచి నెలనెలా తన అభిప్రాయాలను ఒక లేఖగా రాసి, అడిగినవారందరికీ ఉచితంగా పంపుతున్నాడు. ఆయన చెప్పేవాటిలో మనకు పనికివచ్చేవి కొన్ని ఇప్పుడు తెలుసుకుందాం.

కంప్యూటరులోని రహస్యానికి ఇత్తడి తాళం వేయలేము గదా! దానికి వేసే తాళం గణితంతో చేసినది. మీరు కూడా చిన్నది ఒకటి చేసి చూడవచ్చు. ‘కమల’ అని రాయడానికి బదులు, ప్రతి అక్షరానికీ వర్ణమాలలో దాని తరవాతి అక్షరం రాయండి. ‘ఖయవ’ అని వస్తుంది. చూసినవాడికి ఏమీ బోధపడదు. ఎన్ని అక్షరాలు ముందుకు జరిపారో తెలిసిన మీ స్నేహితుడు మాత్రం వెనక్కు జరిపి చదువుకుంటాడు. ఆ జరిపిన సంఖ్యే తాళంచెవి అన్నమాట.

కాని ఇది చాలా బలహీనమైన తాళం. ఒకటి జరిపి, రెండు జరిపి, మూడు జరిపి చూస్తూ పోతే, ముప్పై నలభై ప్రయత్నాల్లో ఎవరైనా విప్పేయగలరు. చెవుల సంఖ్య పెంచాలి. మూడు అంకెల చక్రాలున్న పెట్టె తాళం మీరు చూసే ఉంటారు. దానికి 1,000 చెవులు. ఇంకొక చక్రం చేరిస్తే 10,000. మనం చేర్చింది ఒక్క చక్రమే, దొంగకు మాత్రం పని పది రెట్లయింది! నేడు లోకమంతటా వాడే ఒక గణిత తాళానికి ఎన్ని చెవులు ఉండవచ్చునో తెలుసునా? ఆ సంఖ్య రాయాలంటే 39 అంకెలు కావాలి. సెకనుకు వెయ్యికోట్ల చెవులు పెట్టి చూసే యంత్రాన్ని, ఈ విశ్వం పుట్టిన క్షణాన మొదలుపెట్టించి ఉన్నా, ఈపాటికి అందులో లవలేశమైనా పూర్తయ్యేది కాదు.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. ఇటువంటి తాళం ఎలా పనిచేస్తుందో దాచరు. అందరికీ చెప్పేస్తారు! అలా చెప్పవచ్చునని 1883లోనే అన్నవాడు ఆగస్ట్ కెర్కాఫ్స్. ఆయన హాలండు దేశంవాడు, ఫ్రాన్సులో జర్మను భాష బోధించిన ఉపాధ్యాయుడు. తాళం కట్టుబాటు శత్రువుకు తెలిసినా ఫరవాలేదు, చెవి ఒక్కటే రహస్యంగా ఉంటే చాలు, అప్పుడే అది మంచి తాళమని ఆయన సూత్రం.

ష్నయర్ దీనికి ఇంకొక సంగతి జోడించాడు. తాను విప్పలేని తాళాన్ని తానే తయారు చేయడం ఎవడికైనా సాధ్యమే. అంతమాత్రాన అది మంచి తాళం కాదు అన్నాడు. నిజమే గదా! తన పరీక్ష కాగితాన్ని తానే దిద్దుకుంటే ప్రతివాడికీ నూటికి నూరు వస్తాయి. ఇతరులు దిద్దాలి. ష్నయర్ 1993లో ఒక గణిత తాళాన్ని తయారు చేసి, దానిమీద హక్కు ఏమీ పెట్టుకోకుండా లోకానికి ఇచ్చేశాడు. 1997లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి కొత్త తాళం కోసం పోటీ పెట్టింది. పదిహేను తాళాలు పోటీకి నిలిచాయి. ఒకరి తాళాన్ని ఒకరు విప్పడానికి ప్రయత్నించారు. ష్నయర్ బృందం చేసినది చివరి అయిదింటిలో నిలిచింది గాని, 2000లో గెలిచినది ఇద్దరు బెల్జియం పండితులు చేసిన తాళం. నేను పైన చెప్పిన 39 అంకెల తాళం అదే.

ఇంత గట్టి తాళాలు వచ్చాక ఇక దొంగలకు పని లేకపోవాలి. కాని అలా జరగలేదు! ష్నయర్ ఊళ్ళు తిరిగి, వ్యాపారసంస్థల కంప్యూటర్లను పరిశీలించాడు. ఎక్కడా ఎవరూ గణితాన్ని విరగ్గొట్టి లోపలికి రాలేదు. పెరటి తలుపునుంచి వచ్చారు. చూరులో దోపిన చెవి తీసుకుని వచ్చారు. కాపలావాడికి తియ్యని మాటలు చెప్పి వచ్చారు. అప్పుడాయన 2000లో ఒక పుస్తకం రాసి, గణితమే అన్నిటినీ కాపాడుతుందని తాను అంతకుముందు రాసినది సరి కాదని బాహాటంగా ప్రకటించాడు. భద్రత అనేది అంగట్లో కొని తెచ్చుకునే వస్తువు కాదు, రోజూ జరగవలసిన పని అని చెప్పాడు. గొలుసు బలం దాని అన్నిటికన్నా సన్నని కడియంలో ఉంటుంది. చేద తాడు ఎంత లావుదైనా, ఒక్కచోట పురి విడిపోతే బిందె నూతిలో పడుతుంది.

మన ఇళ్ళలో ఆ సన్నని కడియం ఎక్కడున్నది? దృష్టాంతంగా, తాతగారికి ఫోను వచ్చిందనుకోండి.

“నమస్కారమండీ. బ్యాంకునుంచి మాట్లాడుతున్నాం. మీ కార్డు ఈ సాయంత్రంతో ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలంటే మీ ఫోనుకు ఇప్పుడే ఒక నంబరు వచ్చింది చూడండి, అది చెప్పండి బాబూ.”

తాతగారు కంగారుపడి చెప్పేస్తారు. ఆ నంబరే ఓటీపీ, అనగా ఒక్కసారికి మాత్రమే పనికివచ్చే తాళంచెవి. దొంగ దగ్గర మిగిలినవన్నీ ముందే ఉన్నాయి, అదొక్కటే తక్కువ. బ్యాంకువారి తాళం విరగలేదు. తాతగారే లోపలినుంచి గడియ తీశారు.

ఇంతవరకు విని, “తాతయ్యకు ఆమాత్రం తెలియదా?” అని మీరు నవ్వవద్దు. ష్నయర్ అభిప్రాయం ఇక్కడ వినదగినది. వాడేవాడిని తప్పుపట్టడం సులభం, కాని వస్తువును సరిగా తయారు చేయవలసిన బాధ్యత తయారుచేసేవాడిది అని ఆయన 2016లో రాశాడు. మామూలు మనిషి, మామూలుగా ఉంటూ వాడినా, ప్రమాదం రాకుండా యంత్రాలను రూపొందించాలంటాడు. మెట్లబావికి పిట్టగోడ కట్టకుండా, పడినవాడిని తిట్టి ఏం లాభం?

అయితే పిట్టగోడ కట్టేవరకు మనం జాగ్రత్తగా నడవాలి గదా! అందుచేత రెండు మాటలు జ్ఞాపకం పెట్టుకోండి. ఓటీపీ ఎవరు అడిగినా నోటితో చెప్పరాదు. ఫోనులో డబ్బు మనకు రావడానికి పిన్ను కొట్టనక్కరలేదు. “డబ్బు పంపిస్తాం, పిన్ను కొట్టండి” అన్నవాడు దొంగే. ఒకవేళ మోసం జరిగిపోతే, పెద్దలు సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

ఇప్పుడు పాస్‌వర్డుల సంగతి. చాలామంది ఒకే పాస్‌వర్డు అన్నిచోట్లా వాడతారు. ఇంటికీ, కొట్టుకూ, బీరువాకూ ఒకే తాళంచెవి చేయించినట్టన్నమాట. ఒకచోట పోతే అన్నీ పోయినట్టే. మరి అన్నిటికీ వేరువేరు పెడితే జ్ఞాపకం ఉండవద్దూ? 2005లో ష్నయర్ చెప్పిన సలహా విని చాలామంది ఆశ్చర్యపోయారు. “కాగితంమీద రాసి పర్సులో పెట్టుకోండి” అన్నాడు! ఎందుకంటే, చిన్న కాగితాలను కాపాడుకోవడం మనకు బాగా తెలుసు. నోట్లను రోజూ అలాగే కాపాడుకుంటున్నాం. మాచర్లలో మీ పర్సు కొట్టేసే దొంగ వేరు, సముద్రాల అవతల కూర్చుని కంప్యూటరుతో కోటిమంది తలుపులు తట్టే దొంగ వేరు. రెండోవాడికి మీ పర్సు అందదు. రాసుకోవచ్చు గదా అని ధైర్యం వస్తే, పొడుగాటి పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. పాస్‌వర్డులన్నిటినీ ఒక పెట్టెలో దాచి, దానికి ఒకే గట్టి తాళం వేసే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. అటువంటిది ఒకటి ష్నయరే తయారు చేయించి ఉచితంగా ఇచ్చాడు.

ఆ ఒక్క గట్టి పాస్‌వర్డు ఎలా కల్పించాలి? మీకు మాత్రమే తోచే వాక్యం ఒకటి అనుకోండి అంటాడాయన. “మా అమ్మమ్మగారి ఊళ్ళో చింతచెట్టు కింద 3 గేదెలు, 2 దూడలు పడుకుని నెమరు వేస్తున్నాయి” అనుకుందాం. ఒక్కొక్క మాటకు మొదటి అక్షరం తీసి ఇంగ్లీషు లిపిలో రాసి, అంకెలను అలాగే ఉంచండి. ఏ నిఘంటువులోనూ లేని పాస్‌వర్డు వస్తుంది. కాని ఈ వాక్యాన్నే వాడవద్దు సుమా! పత్రికలో అచ్చయినది ఇక రహస్యం కాదు.

పూర్వం కంప్యూటరు అంటే బల్లమీద ఉండే పెట్టె. ఇప్పుడు అలా కాదు. ఫోను, మాట్లాడగల కంప్యూటరు. కారు, చక్రాలున్న కంప్యూటరు. వీధి గుమ్మంమీద కెమేరా, కన్నున్న కంప్యూటరు. ఇవన్నీ ఇంటర్నెట్టుతో కలిసి ఉన్నాయి. దీనివల్ల ఏం జరుగుతుందో 2016 అక్టోబరు 21న లోకానికి తెలిసివచ్చింది. ఆ రోజు అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు వంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి అందలేదు. కారణం విచారిస్తే, ఇళ్ళలోని కెమేరాలూ, వీడియో రికార్డర్లూ అని తేలింది! వాటిని కొన్నవారు, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును మార్చలేదు. ‘మిరాయ్’ అనే దొంగ ప్రోగ్రాము, అటువంటి అరవై పైచిలుకు పాస్‌వర్డుల జాబితా పట్టుకుని ఇంటింటి తలుపూ తట్టింది. తెరుచుకున్న ప్రతి యంత్రాన్నీ తన సైన్యంలో చేర్చుకున్నది. ఆ సైన్యమంతా ఒకే సంస్థమీద పడేసరికి, నూటికి నూరుమందీ ఒకే గుమ్మంలో తోసుకున్నట్టయి, దారి మూసుకుపోయింది. మిరాయ్ ప్రోగ్రామును తయారు చేసినట్టు 2017 డిసెంబరులో కోర్టులో ఒప్పుకున్నవారు ముగ్గురు యువకులు.

ఆ తరవాతి నెలలో, అనగా 2016 నవంబరులో, అమెరికా పార్లమెంటు సంఘం ష్నయర్‌ను పిలిచి అడిగింది. ఆయన చెప్పినది ఇది: కెమేరా అమ్మినవాడికి చింత లేదు, చవకగా అమ్మాడు. కొన్నవాడికీ చింత లేదు, అతని కెమేరా పని చేస్తూనే ఉన్నది. నష్టపోయినవాడు మూడోవాడు. ఫ్యాక్టరీ మురికి కాలవలో కలిస్తే, దిగువ ఊరివాళ్ళు జబ్బుపడినట్టన్నమాట. అటువంటిది బేరసారాలవల్ల దానంతట అది బాగుపడదు. ప్రభుత్వాలు చట్టం చేయాలి అన్నాడు. చట్టాలు ఎక్కువైతే కొత్త వస్తువులు కనిపెట్టేవారికి కాళ్ళకు బంధాలు పడతాయని వాదించేవారూ లేకపోలేదు.

సరే, ఒక వస్తువును ఇంటికి తేవాలా వద్దా అని తేల్చుకోవడం ఎలా? ష్నయర్ 2003లో రాసిన పుస్తకంలో అయిదు ప్రశ్నలున్నాయి. వాటిని మన ఇంటికి అన్వయించి చూద్దాం. అమ్మా నాన్నా ఉద్యోగాలకు పోతారు గనక నట్టింట్లో కెమేరా పెడదామనుకున్నారు. మొదటి ప్రశ్న: కాపాడవలసినది ఏమిటి? పిల్లలు, ఇల్లు. రెండోది: వాటికి వచ్చే ముప్పు ఏమిటి? దొంగలు. మూడోది: ఈ వస్తువు ఆ ముప్పును ఎంతవరకు తప్పిస్తుంది? కెమేరా దొంగను చూపిస్తుంది గాని, ఆపలేదు. నాలుగోది: దీనివల్ల కొత్త ముప్పు ఏమైనా వస్తుందా? పాస్‌వర్డు మార్చకపోతే మన నట్టిల్లు పరాయివాడికి కనిపిస్తుంది. అయిదోది: దీనికి మనం ఇచ్చుకునేది ఏమిటి? డబ్బూ, కొంత ఏకాంతమూ. ఇంత ఆలోచించాక, కెమేరా నట్టింట్లో కాక వీధి గుమ్మంమీద చాలునని తోచవచ్చు. ఎవరి ఇంటికి తగిన జవాబు వారిది. అడగకుండా కొనడమే తప్పు.

బొమ్మల విషయం మీరు తప్పక వినాలి. కేలా అని ఒక మాటలాడే బొమ్మ ఉండేది. పాప ప్రశ్న అడిగితే, ఆ గొంతు ఫోను ద్వారా దూరాన ఉన్న కంప్యూటరుకు పోయి, అక్కడినుంచి జవాబు వచ్చేది. కాని ఆ బొమ్మకు తాళమే లేదు. గోడ అవతల నిలబడినవాడు కూడా తన ఫోనుతో దానితో కలిసి, పాప మాటలు వినవచ్చు. బొమ్మ నోట పాపతో మాట్లాడవచ్చు. 2017 ఫిబ్రవరిలో జర్మనీ ప్రభుత్వం దాన్ని మారువేషంలో ఉన్న గూఢచారి యంత్రంగా లెక్కగట్టి, అమ్మరాదని నిషేధించింది. ఇంట్లో ఉంటే పాడుచేయమని తల్లిదండ్రులకు చెప్పింది. అదే నెలలో ఇంకొక సంగతి బయటపడింది. క్లౌడ్‌పెట్స్ అనే ఎలుగుబంటి బొమ్మల ద్వారా తల్లిదండ్రులూ పిల్లలూ ఒకరికొకరు పంపుకున్న మాటలు దాచిన చోట సరైన కాపలా లేదు. 8 లక్షలకు పైగా ఖాతాల వివరాలు పరులపాలయ్యాయి.

మనవాళ్ళు ఊరికే అన్నారా, పెదవి దాటితే పృథివి దాటుతుందని! ష్నయర్ కూడా ఆ మాటనే ఇంకో విధంగా చెబుతాడు. సంస్థలు మనగురించి పోగుచేసే వివరాలు బంగారం కాదు, విషపదార్థం వంటివి. దాచిన కొద్దీ ఎప్పుడో ఒకప్పుడు కారుతాయి. పోగుచేయనిది కారదు. అందుచేత ఏదైనా ఆట ఆడడానికి మీ పేరు, పుట్టినరోజు, బడి, ఫోటో అడిగితే, “ఈ ఆటకు అది ఎందుకు?” అని అడగడం నేర్చుకోండి. తోచకపోతే అమ్మనో నాన్ననో అడగండి.

“నేను తప్పేమీ చేయనప్పుడు దాచవలసిన పనేమిటి?” అని కొందరంటారు. స్నానం చేసేటప్పుడు తలుపు వేసుకోమా? అది తప్పు చేయడానికా? అక్కయ్యకు ఉత్తరం కవరులో పెట్టి అంటిస్తాం. అందులో కుట్రలున్నాయా? ఏకాంతం తప్పులను దాచే చీకటి గది కాదు, మనిషి నిబ్బరంగా మనిషిలా ఉండడానికి అవసరమైన చోటు అని ష్నయర్ వాదన. మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. 2023లో మన పార్లమెంటు ఒక చట్టం చేసింది. పద్ధెనిమిదేళ్ళు నిండనివారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలనీ, పిల్లల వెంటబడి వారికి తగినట్టు ప్రకటనలు చూపరాదనీ అందులో ఉన్నది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి; అంచెలంచెలుగా అమలు కావలసి ఉన్నది.

పెద్దలకు ఒక మనవి. పిల్లవాడి ఫోటో, బడి పేరు, పుట్టినరోజు ఊరందరికీ కనబడేలా పెట్టేముందు ఆ అయిదు ప్రశ్నలూ అడుగుకోండి. ఫోనులో ఏదైనా పొరపాటు జరిగిందని పిల్లలు వచ్చి చెబితే కోప్పడవద్దు. కోప్పడితే రెండోసారి చెప్పరు. చెప్పని ఇల్లు పెరటి తలుపు తెరిచిన ఇల్లే.

పిల్లలూ, ఈ ఆదివారం ఒక పని చేయండి. కాగితం, పెన్సిలు తీసుకుని, మీ ఇంట్లో ఇంటర్నెట్టుతో కలిసిన వస్తువులెన్నో రాయండి. వాటిలో కొన్ననాటి పాస్‌వర్డే ఇప్పటికీ ఉన్నవి ఎన్ని? చెవి ఉన్నవి ఎన్ని? కన్ను ఉన్నవి ఎన్ని? అమ్మకో నాన్నకో చూపించి, మార్చవలసినవి మార్పించండి. పని పూర్తయ్యాక ఆ కాగితం ఎక్కడ పెడతారు? అది కూడా ఆలోచించి చెప్పవలసిన ప్రశ్నే!